వేలం గోలలో వినబడని మాట

1833 సెప్టెంబరు 29

జనమంతా కలిసి నన్నే పాటదారుగా ఎన్నుకున్నారు. వచ్చే వారం సర్కారు భూముల వేలం. ఈ వాబాష్ నది ఒడ్డున అడవి కొట్టుకుని, ఇళ్ళు కట్టుకుని, ఏళ్ళ తరబడి మొక్కజొన్న పండించుకుంటున్నవాళ్ళలో ఒక్కరికీ పట్టా లేదు. సర్కారు ఇప్పుడు కొలతలు వేసి అమ్మకానికి పెట్టింది. మా వైపు పద్ధతి ఒకటే. అందరి తరఫునా ఒక్కడే పాడతాడు. ఎవరి పొలం పిలిస్తే వాళ్ళ పేరు చెబుతాడు. దాని మీద పై పాట ఎవడూ పాడకూడదు. కిందటేడు దిగువ ఊళ్ళో ఒక పట్నం షావుకారు పాడితే నదిలో ముంచి లేపారట. లేపారు కదా, అదే మర్యాద అని చెప్పుకుంటున్నారు.

"జడ్జిగారు కాకపోతే ఇంకెవరు?" అన్నారందరూ. ఇక్కడికి వకీలుగా వచ్చాను, జడ్జినయ్యాను, పోయినేడు బ్యాంకు కూడా పెట్టాను. లోపల పొంగిపోయాను గానీ, నా వల్ల కాదంటూ కాసేపు బెట్టు చేశాను.

కెజయా మెండెన్‌హాల్ వెనక నించుని ఉంది. తమ్ముడు ఈనస్ చలిజ్వరంతో మంచం పట్టాడని తను వచ్చింది. "లెవీ, వాడు లేవలేడు. వాడి పేరు మర్చిపోకు నువ్వు" అంది. కొత్తగా వచ్చినవాళ్ళు నవ్వాపుకున్నారు. జడ్జిని పట్టుకుని నువ్వేమిటని.

వాళ్ళు క్వేకర్లు, క్రైస్తవుల్లోనే ఒక శాఖ. ఎంతటివాణ్ణయినా మీరు అనరు, బిరుదులు తగిలించరు, టోపీ తియ్యరు. కోర్టులో ప్రమాణం కూడా చెయ్యరు. ఎప్పుడూ నిజమే చెప్పేవాళ్ళకి ప్రత్యేకంగా ప్రమాణమెందుకంటారు. వకీళ్ళకి అన్నం పెట్టే మతం కాదది. నేను ఒంటి కోటుతో ఈ ఊరొచ్చి జ్వరంతో పడితే ఆ చలికాలమంతా తమ గుడిసెలో పెట్టుకుని సాకింది ఆ అక్కాతమ్ముళ్ళే. ఇప్పుడు నా భార్య హారియెట్ కూడా వంటమనిషి ముందు నన్ను "జడ్జిగారు" అంటుంది. నన్ను పేరు పెట్టి పిలిచేది ఈ జిల్లాలో ఆ ఇద్దరే. అది నాకు ఇష్టమని వాళ్ళకి ఎప్పుడూ చెప్పలేదు.

అక్టోబరు 2

వెదర్బీ సిన్సినాటి పట్నం నుంచి దిగాడు. బ్యాంకులో పెద్ద వాటా అతనిది. అతను వచ్చినప్పుడల్లా హారియెట్ మంచి పింగాణీ బయటికి తీస్తుంది, నేను నా ఇంట్లో అతిథిలా కూర్చుంటాను.

నది వెంట గుర్రాల మీద వెళ్ళాం. ఈనస్ పొలం చివర నీళ్ళు లోతు, ఒడ్డు గట్టి. ఆవిరి పడవలు ఆగడానికి దేవుడే కట్టి పెట్టిన రేవు అన్నాడు. అక్కడ వీధులు గీసి ఊరు వేస్తే మన బ్యాంకు పది తరాలు నిలుస్తుందన్నాడు. చాలాసేపటికి, గుర్రం మెడ నిమురుతూ, "ఆ క్వేకరు బతికేట్టు లేడటగా" అన్నాడు.

నాకు కోపం వచ్చింది. వచ్చిందని అతనికి తెలియనివ్వలేదు.

చచ్చినవాడి పేరున పట్టా చెల్లదు. ఇది నా మాట కాదు, చట్టం. వేలం నాటికి ఈనస్ పేరు రాయించి, పట్టా వచ్చేలోపు వాడు పోతే ఆ కాగితం చిత్తుకాగితం. వెదర్బీ అడిగాడు గనక చెప్పాను, అంతే. సాయంత్రం కమ్మరి డ్రూరీకి కూడా ఇదే చెప్పాను. అతను అడగలేదు. ఎందుకు చెప్పానో గుర్తులేదు.

అక్టోబరు 5

ఈనస్‌ని చూసి వచ్చాను. మంచం కోళ్ళు కదిలేంత వణుకు. నన్ను గుర్తుపట్టలేదు. కెజయా పక్కన కూర్చుని తడిగుడ్డ మారుస్తోంది. బెరడు కషాయం కూడా నిలవడం లేదంది. బతకడు. ఇది చూసినవాడెవడైనా అదే అంటాడు.

అక్టోబరు 7

వేలం అయింది. ఎవరి పొలం వాళ్ళకి దక్కింది. అరిచి అరిచి గొంతు పోయింది.

పొద్దున బళ్ళు కట్టిన చోట కెజయా కనబడింది. ఏదో చెప్పింది. జనం గోల, గుర్రాల సకిలింపులు. సరిగా వినబడలేదు.

సర్కారు మనిషి బండెక్కి ఒక్కో ముక్కా పిలవడం, నేను పాడటం, "ఎవరి పేరున?" అని అతను అడగడం, నేను చెప్పడం. పేర్లన్నీ కంఠతా వచ్చు. జనం చేతికర్రలు పట్టుకుని చుట్టూ నించున్నారు. ఒక్కడూ పై పాట పాడలేదు. డ్రూరీ పొలం అయింది. తరవాత ఈనస్ పొలం, ఆ రేవు ముక్క.

"ఎవరి పేరున?"

లెవీ హాస్కెల్ అన్నాను.

కొన్ని తలలు నా వైపు తిరిగాయి. డ్రూరీ పక్కవాళ్ళతో గుసగుసలాడాడు. చచ్చినవాడి పేరున పట్టా చెల్లదు, జడ్జిగారిది ముందుచూపు అన్నాడట. తలలు మళ్ళీ బండి వైపు తిరిగాయి. తరవాతి ముక్క పిలిచారు. డబ్బు మాత్రం ఈనస్‌దే కట్టాను, అందులో నా తప్పేమీ లేదు.

వాడు పోతే కెజయా పేరున రాసిస్తాను. ఆడమనిషి కోర్టుల చుట్టూ తిరగాల్సిన పని తప్పుతుంది. ఇదంతా ఆమె మేలు కోసమే.

అక్టోబరు 8

వినబడలేదు. అంత గోలలో ఎవరికి వినబడుతుంది?

అక్టోబరు 11

ఈనస్ లేచి కూర్చున్నాడట. సంతోషం.

అక్టోబరు 12

సంతోషమే.

నవంబరు 4

బ్యాంకుకి మరింత పెట్టుబడి కావాలంటే నా భూములన్నీ తాకట్టు చూపించాలని వెదర్బీ కాగితం పంపాడు. రేవు ముక్క కూడా అందులో ఉంది. తీసెయ్యమని రాయొచ్చు. రాస్తే ఎందుకని అడుగుతాడు. అందులో అదొకటే తనకి కావలసింది.

సంతకం పెట్టాను. వసంతంలోగా విడిపించి ఈనస్‌కి రాసిచ్చేస్తాను. వాడికేమీ తొందర లేదు, మనిషి ఇంకా పూర్తిగా కోలుకోలేదు.

డిసెంబరు 15

ఈనస్ వచ్చాడు, పొగబెట్టిన పంది తొడ భుజాన వేసుకుని. మనిషి సగమయ్యాడు గానీ నోరు తగ్గలేదు. టోపీతోనే లోపలికొచ్చి హారియెట్ కొత్త కుర్చీలో కూలబడ్డాడు. ఆ కుర్చీలో కూర్చోవడానికి నాకే ఇంకా అనుమతి రాలేదు.

"నేను పోతానని నీ పేరున పెట్టావటగా లెవీ. పోలేదు. ఏమీ అనుకోకు."

నవ్వాను. నా నవ్వు నాకే ఎబ్బెట్టుగా వినబడింది.

తన పేరున ఎప్పుడు మారుస్తావని అడిగాడు, వానెప్పుడు తగ్గుతుందని అడిగినంత మామూలుగా. వసంతంలో అన్నాను. సరేనని, మా అమ్మ కూడా నా కోసం ఇంత ముందుచూపు చూడలేదన్నాడు. గుమ్మం దాటాక వెనక్కొచ్చి, అక్క నీకేదో చెప్పమంది, దారిలో మర్చిపోయాను, అడిగి చెబుతా అన్నాడు.

ఆ మాంసం ఒక ముక్క కొరికి పళ్ళెం పక్కకి నెట్టేశాను. బాగా ఉప్పేశారని హారియెట్ అంది. కావచ్చు.

1834 జనవరి 19

లెక్క చూశాను. ఈ ఇల్లు, బ్యాంకులో నా వాటా వెదర్బీ మొహాన కొడితే రేవు విడిపోతుంది. పెద్ద విషయం కాదు. మళ్ళీ ఒంటి కోటు వకీలునవుతాను, అంతేగా. హారియెట్‌తో ఈ వారం మాట్లాడతాను.

జనవరి 27

హారియెట్ పియానో ఫిలడెల్ఫియాలో పడవెక్కిందట. ఎంత మురిసిపోతోందో. ఇవాళ ఎలా చెబుతాను?

మార్చి 20

వెదర్బీ నాకు మాట మాత్రం చెప్పకుండా సర్వేవాళ్ళని పంపాడు. ఈనస్ దున్నుతున్న పొలంలో వీధుల కోసం కర్రలు పాతిపోయారు.

ఈనస్ వాటిని పీకి, మట్టి దులిపి, కట్ట కట్టి, బండిలో వేసుకుని బ్యాంకుకి తెచ్చాడు. "ఎవరో మా పొలంలో మర్చిపోయారు. బాగా చెక్కిన కర్రలు, పారేయబుద్ధి కాలేదు" అని గుమాస్తా బల్ల పక్కన ఆనించి వెళ్ళాడు. ఊరంతా పడీ పడీ నవ్వింది. వెదర్బీకి నవ్వు రాలేదు. పొలం ఖాళీ చేయించమని దావా వేశాడు. నా కోర్టులోనే.

ఏప్రిల్ 2

ఈనస్ మళ్ళీ వచ్చాడు. ఈసారి కుర్చీలో కూర్చోలేదు. తాకట్టు సంగతి తెలిసింది.

నా భూములన్నీ కలిపి రాసిన కాగితంలో అదీ పడిపోయిందన్నాను. పొరపాటన్నాను. చదవకుండా సంతకం పెట్టావా అని అడుగుతాడని బిగుసుకుని ఉన్నాను. అడగలేదు.

"మావాళ్ళు కోర్టుకెక్కకూడదు లెవీ. కోర్టే మా ఇంటికొచ్చింది, ఏం చెయ్యను? వకీలుని పెట్టుకోను. నువ్వొచ్చి జరిగింది చెప్పు, చాలు."

జరిగింది చెప్పు, చాలు. ఆ మాటకి తల కొట్టేసినట్టయింది.

ఏప్రిల్ 14

ఏదీ వదలకుండా రాయాలి. ఇవాళ కూడా ఇక్కడ రాయకపోతే నాకంటే నీచుడు ఇంకొకడుండడు.

దావాలో నా పేరుంది గనక నేను పీఠం దిగాను. ఇద్దరు సహాయ జడ్జీలు కూర్చున్నారు, చట్టం చదవని ఊరి పెద్దలే. అందులో డ్రూరీ ఒకడు, గోళ్ళలో మసితోనే వచ్చాడు. వెదర్బీ వకీలు క్విగ్లీ. కోర్టు రోజుల్లో సత్రంలో మంచాలు చాలక వకీళ్ళూ జడ్జీలూ ఒకే పక్క మీద సర్దుకుంటాం. పోయిన సెషన్లో ఈ క్విగ్లీ చల్లటి పాదాలు నా పిక్కలకి ఆనించి పడుకున్నాడు. ఇవాళ అతనే నన్ను బోనెక్కించాడు.

తేల్చాల్సింది ఒక్కటే. ఆ రోజు నేను ఎవరి కోసం కొన్నాను? నా కోసమైతే తాకట్టు చెల్లుతుంది, పొలం వెదర్బీది, ఈనస్‌కి డబ్బు మాత్రం తిరిగొస్తుంది. ఈనస్ కోసమైతే, నాది కానిదాన్ని నేను తాకట్టు పెట్టడం చెల్లదు, పొలం వాడిదే. అంటే వాడు పోతాడని నమ్మి నా పేరు చెప్పానా, బతుకుతాడని తెలిసే నా కోసం చెప్పుకున్నానా అన్నదే ప్రశ్న.

బైబిలు మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేశాను. ఈనస్ చనిపోతాడని నిజంగా నమ్మారా అని క్విగ్లీ అడిగాడు. నమ్మానన్నాను. వేలం రోజు పొద్దున బళ్ళ దగ్గర అతని అక్క మీతో మాట్లాడటం మా కక్షిదారు కళ్ళారా చూశారు, ఆమె ఏం చెప్పిందని అడిగాడు.

గోలలో వినబడలేదు. ఆరు నెలలుగా ఈ వాక్యాన్ని సానబెట్టుకుంటున్నాను. తీరా నోటి దాకా వచ్చాక, పీఠం మీద కూర్చుని విన్న వేల సాక్ష్యాలు గుర్తొచ్చాయి. ఈ మాట చెప్పినవాణ్ణి నేనెప్పుడూ నమ్మలేదు. అందుకని ఇంకా గట్టిది చెప్పాను.

"తమ్ముడి సంగతి ఆమె నాతో ఏమీ చెప్పలేదు."

క్విగ్లీ నవ్వి కెజయాని పిలిచాడు. అలా చేస్తాడని తెలియని వకీలునా నేను? తెలుసు. ఆ క్షణంలో నా పరువొక్కటే కనబడింది.

ఆమె బైబిలు ముట్టుకోలేదు. వాళ్ళ ఆచారం ప్రకారం నిజం చెబుతానని మాత్రమే అంది. క్విగ్లీ జ్యూరీ వైపు తిరిగి, వీళ్ళు ప్రాణం పోయినా అబద్ధమాడరని ఈ దేశమంతా ఎరుగుదుమన్నాడు. జ్యూరీలో తలలూగాయి. ఏళ్ళ తరబడి ఆమె వెన్న కూడా తూకం చూడకుండా కొంటున్నారు వాళ్ళు.

"ఆ పొద్దున మీ తమ్ముడు కోలుకుంటున్నాడని జడ్జిగారితో చెప్పారా?"

కెజయా ఈనస్ వైపు చూసింది. వాడు ధీమాగా కూర్చుని ఉన్నాడు. వాడికేమీ తెలియదు, వాడు ఆ రోజు మంచం మీద ఉన్నాడు. తరవాత నన్ను చూసింది. నేను లేచి నించోవలసింది. ఆమె చెప్పింది, నేను విన్నాను, అబద్ధమాడింది నేను అనవలసింది. అలా అంటే ఈనస్ పొలం పోతుంది కదా అని నాకు నేను చెప్పుకున్నాను. పొలం కోసమే ఆగానని ఇప్పుడు రాస్తే మరో అబద్ధమవుతుంది. కూర్చునే ఉన్నాను.



"చెప్పలేదు" అంది కెజయా. "నేను ఏమీ చెప్పలేదు."

జ్యూరీ బయటికి కూడా వెళ్ళలేదు. అక్కడికక్కడే తలలు కలిపి ఈనస్ వైపు తీర్పిచ్చారు. జనం నా చెయ్యి పట్టుకుని ఊపేశారు. పట్నం మనిషిని కాదని పేదవాడి వైపు నిలబడ్డ జడ్జి అన్నారు. డ్రూరీ కళ్ళు తుడుచుకున్నాడు. ఈనస్ నన్ను కావలించుకున్నాడు. వాడి ఎముకలు గుచ్చుకున్నాయి.

ఆ పొద్దున కెజయా చెప్పింది ఇది. "జ్వరం దిగింది లెవీ. రాత్రి కోడి సూపు తాగాడు, నిలిచింది. బతికాడు. నువ్వు బెంగపడకు." నేను ఆమె చెయ్యి పట్టుకుని, దేవుడి దయ అన్నాను. జవాబు కూడా చెప్పాను. వినబడకుండా జవాబెలా చెబుతాను?

ఏప్రిల్ 16

ఈనస్ పేరున రాసిచ్చేశాను. వెదర్బీ వాటా తీసుకుని వెళ్ళిపోతానంటున్నాడు. పోనీ.

పియానో దిగింది. చిత్రంగా ఒక్క తీగె కూడా తెగలేదు.

మే 5

వచ్చే ఎన్నికల్లో నన్ను రాష్ట్ర సభకి నిలబెడతారట. డ్రూరీ ఊరూరా తిరిగి రేవు కథ చెబుతున్నాడు. వద్దన్నాను. చూశారా ఎంత నిగర్వో అంటున్నాడట. వద్దన్నకొద్దీ పెరుగుతోంది. వీధిలో నడవాలంటే మొహం చెల్లడం లేదు, వాళ్ళేమో ఆ మొహానికే నమస్కారాలు పెడుతున్నారు.

మే 18

దారిలో ఈనస్ కలిశాడు. మొక్కజొన్న మొలిచిందన్నాడు. అక్క ఆదివారం ప్రార్థనకి రావడం లేదట. మోకాళ్ళ నొప్పులంటోందట. "పొలం దున్నేటప్పుడు రాని నొప్పులు ఆదివారమే వస్తున్నాయి, సోమరిదైపోతోంది మా అక్క" అని నవ్వాడు.

క్వేకర్ల ప్రార్థనలో పాటలుండవు, ఉపన్యాసాలుండవు. నిశ్శబ్దంగా కూర్చుంటారు. మనసులో నిజం పుడితే లేచి చెబుతారు. ఆమె లేస్తే పొలం పోతుంది. లేవకుండా కూర్చుంటే ఆ కూర్చోవడమే అబద్ధమవుతుంది. అందుకే వెళ్ళడం లేదు. దీన్ని నాకు ఎవరూ విప్పి చెప్పనక్కర్లేదు.

మే 25, ఆదివారం

వెళ్ళాను. ఈనస్ ప్రార్థనకి వెళ్ళే వేళ చూసుకుని వెళ్ళాను. ఆ సంగతీ రాస్తున్నాను.

కెజయా గుమ్మంలో బఠాణీలు ఒలుస్తోంది. నన్ను చూసి లేచింది. గడప దగ్గర వినయంగా పక్కకి తప్పుకుని దారి ఇచ్చింది. ఆ ఇంట్లో నాకెవరూ ఎప్పుడూ దారివ్వలేదు, నేనే సందు చూసుకుని దూరేవాణ్ణి.

ఒకప్పుడు నేను వణుకుతూ పడుకున్న మంచం అక్కడే ఉంది. దాన్ని చూస్తూ నించున్నాను. దారంతా అల్లుకొచ్చిన మాటలన్నీ పోయాయి. నీ చేత అబద్ధమాడించాను కెజయా, అన్నాను. ఊరందర్నీ పిలిచి నిజం చెప్పేస్తాను, పొలానికి బదులు నా ఇల్లు మీరే తీసుకోండి అన్నాను.

"ఈనస్‌కి ఆ రేవే కావాలి. అమ్మని అక్కడే పాతిపెట్టాడు" అంది. "మీరేమీ చెప్పకండి. కూర్చోండి, జడ్జిగారూ."

తప్పు విన్నాననుకున్నాను.

"జడ్జిగారేమిటి కెజయా? నాకు మీరేమిటి?"

ఆమె గిన్నె చేతిలోకి తీసుకుంది. కోపం లేదు ఆ గొంతులో. ఉంటే బావుండేది.

"బిరుదులు పెట్టి పిలవడం అబద్ధమాడటమేనని మావాళ్ళ నమ్మకమండీ. అందుకే ఎవర్నీ పిలవలేదు ఇన్నాళ్ళూ. ఇప్పుడింక నాకా పట్టింపెందుకు?"

సూపు తాగుతారా అని అడిగింది. వద్దన్నాను. గుర్రం దాకా వచ్చి కళ్ళెం పట్టుకుంది, పెద్దమనుషులకి పట్టినట్టు.

"వెళ్ళిరండి, జడ్జిగారూ."

చుట్టుపక్కల మనిషి లేడు. గాలి కూడా లేదు. స్పష్టంగా వినబడింది.